యాడి తాగని నీళ్లు

ఫోన్ వచ్చేసరికి నేను కాళేశ్వరం పోయే దారిలో ఒక ఊరి బడిలో పిల్లల చేత చేతులు కడిగిస్తున్నాను. మధ్యాహ్న భోజనం గంట అప్పుడే కొట్టారు. పిల్లలు కుళాయిల దగ్గర వరుసగా నిలబడి, అరచేతుల్లో సబ్బు రుద్దుకుంటూ తమ వాడలో ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే పలుకుతున్నారు. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా చెబితే చేతులు కడగడానికి కావలసినంత సేపు అవుతుంది. అంకెలు లెక్కపెట్టమంటే పిల్లలు గబగబా దాటేస్తారు. ఇళ్ల పేర్లు అలా దాటేయడానికి వీల్లేదు. ఎవరి ఇల్లు వదిలేస్తే ఆ ఇంటి పిల్ల ఊరుకోదు. ఈ పద్ధతి నాది కాదు. పెద్దవంగర దగ్గర ఒక తండాలో ఒక ముసలామె దగ్గర నేర్చుకున్నది.

ఫోన్ చేసింది ఆ ముసలామె కోడలు.

"అక్కా, యాడి పోయింది. పొద్దుగాల, దవాఖానలనే" అంది.

నేను సరే అన్నాను. పిల్లలు ఇంకా పేర్లు చెబుతూనే ఉన్నారు.

లంబాడీ మాటలో యాడి అంటే అమ్మ. కొడుకు, కోడలే కాదు, తండా మొత్తం ఆమెను అలాగే పిలిచేది. అసలు పేరు నా రిజిస్టర్లో ఉండేది, పారిశుధ్య కమిటీ సభ్యుల వరుసలో, పక్కన వేలిముద్రతో. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవగా నేను వినలేదు. అందుకే ఇక్కడా రాయడం లేదు.

ఆమెను మొదటిసారి చూసింది ఒక స్వచ్ఛంద సంస్థలో నాకు ఉద్యోగం దొరికిన కొత్తలో. తండాల్లో మరుగుదొడ్లు, మంచినీళ్లు, చేతుల శుభ్రత గురించి ఏళ్ల తరబడి నడవాల్సిన కార్యక్రమం అది. మాది జనగామ పక్కన ఒక ఊరు, భూములున్న కుటుంబం. మా చేలో పత్తి ఏరడానికి తండా నుంచి వచ్చే ఆడవాళ్లకు మా ఇంట్లో నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవారు. అది తప్పని నాకు చదువుకున్నాక తెలిసింది. తెలిసినా ఆ రోజు నా సంచిలో నీళ్ల సీసా ఉంది. పాలకుర్తిలో ఆటో ఎక్కేముందు నింపుకున్నాను. మాట్లాడి మాట్లాడి గొంతెండిపోయి, అందరి ముందే సీసా తీసి తాగాను.

ఎదురుగా కూర్చున్నామె నన్నే చూస్తోంది. అద్దాల రవిక, మోచేతి పైదాకా తెల్లటి గాజులు. తండాలో ఆ వేషం అప్పటికి ముగ్గురో నలుగురో ముసలివాళ్లకే మిగిలింది.

"నీ నీళ్లు నువ్వే తెచ్చుకున్నవా బిడ్డ?"

నాకు తలకొట్టేసినట్టయింది. ఏదో సర్దిచెప్పబోయాను.

"మంచిగ చేసినవ్. మా నీళ్లు తాగితె మా పోరలకే మోషన్లు ఆగుత లేవు. నువ్వెందుకు తాగాలె?" అంది. ఆ మాటలో వెటకారం కోసం వెతికాను. లేదు. "ఎన్నేండ్లు వస్తవ్ మా దిక్కు?"

"ఏడెనిమిదేళ్లు ఉంటుంది యాడీ ఈ పని."

"అయితె నువ్వు మా బోరింగు నీళ్లు తాగే రోజు జూస్త."

మూడో ఏడు తాగాను. బోరింగు చుట్టూ గచ్చు పోసి, బురద నిలవకుండా కాలువ తీసి, నీళ్ల పరీక్ష చేయించాక. ఆమె పక్కనే ఉంది. నేను గ్లాసు దించేదాకా ఆగి, ఇంకో పని మీదికి పోయింది. గెలిచానని చెప్పుకోవడం ఆమెకు చేతకాదు.

ఏ ఇంటికి వెళ్లినా ఆమె ముందువైపు ఆగేది కాదు. పలకరింపు కూడా లేకుండా నేరుగా వెనక్కి నడిచేది. "ముందట అందరు ఊడుస్తరు బిడ్డ. పోరలు ఏడ కూసుంటున్నరో ఎన్కకు పోతెనే ఎర్కయితది" అనేది. గోడ పక్కన చిన్నపిల్లల మలం కనిపిస్తే ఎవరినీ పిలిచేది కాదు. పొయ్యిలో బూడిద తెచ్చి చల్లి, పారతో ఎత్తి దూరంగా గుంటలో వేసి వచ్చేది. ఆ పిల్ల తల్లి సిగ్గుతో పరుగెత్తుకొచ్చి పార లాక్కోబోతే, "నీ బిడ్డది నాకు కొత్తనా? ఇటు రా, చేతులు కడుక్కుందాం ఇద్దరం" అని ఆమె చెయ్యి పట్టుకుని బోరింగు దగ్గరికి తీసుకుపోయేది. నేను బొమ్మల కార్డులు పట్టుకుని నెలల తరబడి చెప్పినది ఆమె ఒక పారతో చెప్పేసేది. మళ్లీ వారం ఆ గోడ పక్కన ఏమీ ఉండేది కాదు.

నా మీద ఆమె కోపం తెచ్చుకున్నది ఒక్కసారే.

బయటికి వెళ్లే వాళ్లను చూసి ఈల ఊదాలని పైనుంచి మాకు ఒక పద్ధతి చెప్పారు. సిగ్గుపడి మానుకుంటారట. నేను కమిటీ వాళ్లందరికీ ఈలలు పంచాను. తెల్లవారుజామున వాళ్లతో కలిసి పత్తి చేల వైపు నడిచాను. ఒక సాలు వెనక ఎవరో కూర్చున్నట్టు కనిపిస్తే అందరికంటే ముందు నేనే ఊదాను. ఒక ఆడమనిషి బెదిరిపోయి, లంగా చేత్తో పట్టుకుని లేచి, రెండడుగులు పరుగెత్తి సాల్లో బోర్లా పడింది. దగ్గరికి పోయి చూస్తే యాడి కోడలు. కొత్తగా వచ్చిన పిల్ల. అప్పుడు ఏడో నెల.

దేవుడి దయవల్ల ఆమెకు, కడుపులో బిడ్డకు ఏమీ కాలేదు. నాలుగో రోజు నేను తండాకు వెళ్లేసరికి యాడి ఈలలన్నీ ఇంటింటికీ తిరిగి పోగుచేసి, కొంగులో మూటగట్టి ఉంచింది. మూట నా ఒళ్లో పెట్టింది.

"ఇవి నువ్వే పట్కపో."

"తప్పయింది యాడీ."

"నువ్వు ఊదిన కాడికెల్లి నా కోడలు మాపటిపూట తింట లేదు. నీళ్లు తాగుత లేదు. తాగితె బయటికి పోవాలె గద. కడుపుల పిల్లను పెట్టుకుని మూడొద్దుల సంది ఎండుతున్నది. ఆడోళ్లు సిగ్గుకు ఏం బంజేస్తరో మీ పెద్దసార్లకు తెల్వదా?" నా ఒళ్లో మూట ముడి బిగించి, "తెల్వకపోతె నువ్వు చెప్పు. నువ్వు ఆడిపిల్లవే గద" అంది.

అప్పటికి ఆ ఇంటికి మరుగుదొడ్డి లేదు. నెల తిరక్కుండా ఆ ఇంటికే మొదట కట్టించాను. గుంత యాడి భర్తే తవ్వాడు. రాయి అడ్డం రావడంతో ఎక్కువ లోతు పోలేదు. అందుకని దొడ్డిని ఎత్తు మీద కట్టి రెండు మెట్లు పెట్టాం. ఆ మెట్ల ఎత్తు టేపు పట్టి కొలిచింది నేనే. తర్వాత తండా అంతా అదే కొలత.

కట్టడం అయ్యాక వాడకం ఒక పట్టాన మొదలవలేదు. కొందరు వాటిలో కట్టెలు పేర్చుకున్నారు, కొందరు పత్తి బస్తాలు పెట్టుకున్నారు. నేను మళ్లీ కార్డులు తీశాను. యాడి నన్ను పక్కకు పిలిచి, "ఒక్క మనిషి పోయొస్తె ఒక బకిట నీళ్లు. ఇంట్ల ఆరుగురు. ఎవలు మొయ్యాలె?" అని అడిగింది. మోయాల్సింది ఆడవాళ్లే. నాకు ఆ లెక్క తట్టలేదు. మరునాడు పొద్దున్నే ఆమె బోరింగు దగ్గర బండ మీద కూర్చుంది. తాగే నీళ్లు, వంట నీళ్లు ఆడవాళ్లు పట్టుకోవచ్చు. లెట్రిన్ నీళ్లు మాత్రం మొగవాళ్లే వచ్చి మోసుకుపోవాలి. ఆమె పెట్టిన నియమం అంతే. వరుసలో మొదట నిలబడ్డది ఆమె భర్త. తలపాగా, చేతిలో నీలం బకెట్, ఎవరి వైపూ చూడని మొహం. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పది రోజులకు నవ్వు ఆగిపోయింది, మొగవాళ్ల వరుస మాత్రం నిలిచింది. ఇంటింటికీ కుళాయి వచ్చేదాకా అలాగే నడిచింది.

ఆమె అడిగినవాటిలో నేను చేయలేకపోయింది ఒకటుంది.

అప్పటికి ఆమె అత్త బతికే ఉంది. ఎన్నేళ్లుంటాయో ఎవరికీ తెలియదు, మోకాళ్లు మాత్రం వంగేవి కావు. రెండు మెట్లు ఎక్కి గొంతుక్కూర్చోవడం ఆ ముసలామె వల్ల కాలేదు. యాడి ఒక పాత చెక్క కుర్చీ సంపాదించి, వడ్రంగి చేత నడుమ రంధ్రం కోయించి, అత్త మంచం పక్కన పెట్టి కింద బకెట్ ఉంచింది. జనగామలో మా సమీక్ష సమావేశానికి తండాల నుంచి కొందరిని తీసుకెళ్తే, అక్కడ పెద్ద అధికారుల ముందు లేచి నిలబడి ఆ కుర్చీ సంగతి చెప్పింది. ముసలివాళ్లున్న ప్రతి ఇంటికీ అలాంటిది ఒకటి ఇవ్వమంది. హాల్లో ఎవరో నవ్వారు. ఒక సారు, "మంచి సూచనమ్మా, వచ్చే దశలో తప్పకుండా చూద్దాం, రాసుకోండి" అని నా వైపు చూశాడు. నేను రాసుకున్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగింది. "వచ్చే దశ అంటె ఎప్పుడు బిడ్డ?"

"రెండు మూడేళ్లు పడుతుందేమో యాడీ."

"ముసలోల్లు అప్పటిదాంక ఉంటరా?"

వచ్చే దశ ఆ తండాకు రాలేదు. కార్యక్రమం ముగిసింది. గోడల మీద బొమ్మలు వేయించాం, తండా మొదట్లో బోర్డు పాతాం, కమిటీ రిజిస్టరు కమిటీకే అప్పగించాం. నన్ను భూపాలపల్లి జిల్లాకు మార్చారు. ఆ అత్త పోయాక చెక్క కుర్చీ ఇంకో ఇంటికి, అక్కడి నుంచి మరో ఇంటికి పోయి, చివరికి చెదలు పట్టి పొయ్యిలోకి పోయిందని తర్వాత ఎప్పుడో ఫోన్లో చెప్పింది. భర్త పోయినప్పుడూ ఆమే ఫోన్ చేసింది. కొడుకు హైదరాబాదులో మేస్త్రీ పనికి పోయి నెలకోసారి వస్తున్నాడని, కోడలికి గర్భసంచి తీసేశారని, అయినా మిరపకోతకు పోతోందని చెప్పేది. చివర్లో ప్రతిసారీ ఒకటే మాట, "నువ్వు మంచిగున్నవా బిడ్డ, యాల్లకు తింటున్నవా?" అని.

ఈ ఎండాకాలం మొదట్లో వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనంగా ఉంది, ఈ వయసులో ఆపరేషను తట్టుకోదని డాక్టర్లు మందులిచ్చి ఇంటికి పంపారు. తెలిసిన వారానికి నేను వెళ్లాను.

మంచం తలుపు పక్కన వేసి ఉంది. గాజులు తీసేశారు. అవి లేని ఆ చేతులను నేను ఎన్నడూ చూడలేదు. పాలిపోయి, సన్నగా, వేరే ఎవరి చేతులో అన్నట్టున్నాయి. పెదవులు పగిలి పొక్కులు కట్టాయి. మంచం కింద నీళ్ల చెంబు అంచుదాకా నిండి ఉంది. కోడలు పొద్దున్నే నింపిపెట్టి మిరపచేనుకు పోయిందట. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

"నీళ్లు తాగలేదా యాడీ?"

"దూప కాలే."

"పెదవులు పగిలిపోయినయ్."

తల పక్కకు తిప్పుకుంది. నేను గ్లాసులో పోసి నోటి దగ్గర పెట్టాను. ఒక గుక్క తాగి చాలంది. ఇంకొంచెం అంటే నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది. ఆ పట్టులో బలం మాత్రం తగ్గలేదు.

"నీకు చెప్త. నువ్వు దానికి చెప్పకు" అంది. దానికి అంటే కోడలికి. "నన్ను లేపి కూసుండవెట్టాలె, బట్ట మార్చాలె, మల్ల పండవెట్టాలె. దినాం నాలుగైదు సార్లు. ఒక్కతే. కడుపు కోసిన మనిషి. నన్ను లేపినంక గా తలుపు పట్టుకుని కండ్లు మూసుకుంటది. నేను జూస్తలేననుకుంటది. గంత నొచ్చినా ఒక్కనాడు మొకం చిట్లియ్యలే బిడ్డ. ఛీ అనలే. దమ్ము తీసుకుని, నవ్వుకుంట మల్లొస్తది. అది గట్ల నవ్వుతాంటె నాకు తాగబుద్ధి గాదు."

"తాగకపోతే జబ్బు చేస్తుంది. ఊరూరా తిరిగి నువ్వే చెప్పినవు కదా."

"ఎర్కనే. తాగకుంటె ఒకసారి తక్కువ లేపుతది గద."

నేను మంచం పక్కన కూర్చుని చాలాసేపు చెప్పాను. మంచానికి ఆనించి పెట్టే కుర్చీలు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. కింద డబ్బా ఉంటుంది. పక్కకు జరిపితే చాలు, ఎత్తి దింపే పని ఉండదు. హన్మకొండలో కొని, వచ్చే ఆదివారం నేనే తెస్తానన్నాను. ఆమె మొహం కాస్త విచ్చుకుంది.

"నిజంగ తెస్తవా?"

"తెస్తాను."

"అయితె అప్పటిసంది తాగుత."

సాయంత్రం కోడలు చేను నుంచి వచ్చింది. ఆమెకు చెప్పాల్సింది. మీ అత్త నీ నొప్పి చూసి నీళ్లు మానేసింది, దగ్గర కూర్చుని తాగించు అని ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పకు అంది కదా అని ఊరుకున్నాను. ఆదివారం కుర్చీ తెస్తే సమస్యే తీరిపోతుంది కదా అనుకున్నాను. ఎండలు ముదిరాయి, నీళ్లు బాగా తాగించు అని మాత్రం చెప్పి ఆటో ఎక్కాను.

ఆ ఆదివారం మాకు శిక్షణ పెట్టారు. గ్రామాల్లో పారిశుధ్య కార్యకర్తలకు నేనే పాఠం చెప్పాలి. తర్వాతి ఆదివారం వడదెబ్బ తగిలి గదిలో పడుకున్నాను. మూడో ఆదివారం హన్మకొండ వెళ్లి కుర్చీ కొన్నాను. బస్సు పైన వేయించుకుని భూపాలపల్లి తెచ్చి, గదిలో గోడకు ఆనించాను. గురువారం సెలవు పెట్టి వెళ్దామనుకున్నాను. మంగళవారమే ఫోన్ వచ్చింది.

వెళ్లేటప్పుడు ఆ కుర్చీ తీసుకెళ్లలేదు. అంత మొహం లేదు నాకు.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. కొడుకు బయట మొగవాళ్ల మధ్య కూర్చున్నాడు. కోడలు లోపల, యాడి పడుకున్న మంచం నులక కోసి తీసేస్తుంటే చూస్తూ గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి ఏడవలేదు. పక్కన చోటు చూపించింది. కూర్చున్నాక చెప్పడం మొదలుపెట్టింది.

శనివారం నుంచి యాడి మాటలు తడబడ్డాయి. తెలుగు పూర్తిగా మరచిపోయి లంబాడీలోనే ఏదేదో మాట్లాడింది. ఆదివారం ఒళ్లు కాలిపోతుంటే మహబూబాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఒంట్లో నీళ్లు లేవని, మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి కిడ్నీల దాకా పోయిందని డాక్టరు చెప్పాడు. సెలైన్ ఎక్కించారు, మూత్రానికి పైపు వేశారు.

"ఆ నర్సమ్మ చెప్పింది యాడికి," అంది కోడలు. "ఇగ నువ్వు లేసేది లేదవ్వా, అన్ని పైపులకెల్లి పోతయని. గది సమజయింది అక్క. సమజయినంక నన్ను జూసి పాణి, పాణి అన్నది. నేను గిలాసల పోసి తాపిన. ఇంకా అన్నది. మల్ల తాపిన. ఎన్ని తాపినా తాగింది. సోమవారం మాపటి దాంక తాగుతనే ఉన్నది. ఇంట్ల నేను కాళ్లు మొక్కినా తాగని మనిషి, దవాఖానల చంటిపిల్ల తాగినట్టు తాగింది."

ఆమె కళ్లు ఆరిపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుంది.

"నాకొక్కటి చెప్పక్క. యాడి నీకు అన్ని చెప్పేది. ఎత్తేటప్పుడు నేనేమన్న అన్ననా? నా మొకం ఎప్పుడన్న చిట్లిచ్చిన్నా? నాకు యాదికొస్త లేదు. గా పైపు ఏసినకాడికెల్లి నాకదే మనసుల తిరుగుతున్నది. నన్ను జూసే తాగలేదు గద ఆమె?"

ఇక దాచడానికి ఏమీ లేదు. మంచం మీద యాడి నాతో అన్నదంతా చెప్పాను. తలుపు పట్టుకుని కళ్లు మూసుకోవడం ఆమె చూసిన సంగతి చెప్పాను. ఒక్కనాడు మొకం చిట్లియ్యలే, ఛీ అనలే అని ఆమె అన్న మాట అన్నట్టుగానే చెప్పాను. నీకు చెప్పొద్దందని, నేను చెప్పకుండా పోయానని, తప్పు నాదేనని కూడా చెప్పాను. కుర్చీ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె అంతా విన్నది. నా చెయ్యి వదల్లేదు, నన్ను ఒక్క మాట అనలేదు. బయట ఎవరో నులక తాళ్లు చుట్ట చుడుతున్నారు. నాతో కాదన్నట్టు, ఎదుటి గోడ వైపు చూస్తూ అంది.

"ఒక్కనాడన్న తిట్టకపోతిని. కోపంల ఒక్కమాట అని ఉంటె, నా మీద కోపంతోనన్న తాగేది."